మూడో సైటేషన్

ఓబులేసుకు పొద్దున లేవగానే ఒక అలవాటు ఉండేది. పళ్లు తోముకోకముందే ఫోను తీసి ఒక అంకె చూసుకునేవాడు.

అతను ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థలో పని. పదిహేడేళ్లలో తొంభై ఆరు వ్యాసాలు రాశాడు. ఒకరి వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో పేర్కొంటే దాన్ని సైటేషన్ అంటారు. ఎవరికి అట్లాంటివి ఎన్ని వచ్చాయో కూడి చూపించే వెబ్‌సైటు ఒకటుంది. అందులో తన పేరు పక్కనుండే అంకె పెరిగిన రోజు ఓబులేసుకు కాఫీ బాగుండేది. పెరగని రోజు ఉప్మాలో ఉప్పు తక్కువయ్యేది. భార్య మొదట్లో ఉప్పు వేసి ఇచ్చేది. తర్వాత సంగతి అర్థమై ఊరుకుంది.

ఆ ఏడు మార్చిలో ఆ అంకె పంతొమ్మిది వందల ఎనభై ఏడు దగ్గర ఆగిపోయింది. పన్నెండు రోజులు కదల్లేదు.

మామూలుగా అయితే ఓర్చుకునేవాడే. కానీ నెలాఖరులోగా ఒక పెద్ద ఫెలోషిప్‌కు దరఖాస్తు పంపాలి. రెండు వేలు దాటి ఉంటే చూసేవాళ్లకు గట్టిగా కనిపిస్తుందని అతని ఆలోచన. పైగా తన తర్వాత రెండేళ్లకు చేరిన సహోద్యోగి వినోదినికి అప్పుడే మూడు వేలు దాటాయి. ఆమె మంచి మనిషి. ఆ మంచితనం కూడా ఈ మధ్య ఓబులేసుకు కొంచెం కష్టంగా ఉంటోంది.

దరఖాస్తుతో పాటు గురువు దగ్గర్నుంచి ఒక ఉత్తరం కావాలన్నారు. అతని గురువు రత్నమాణిక్యం గారు. యూనివర్సిటీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరై మదనపల్లెలో ఉంటున్నారు. డెబ్భై ఆరేళ్లు. ఫోను చేస్తే, "రా" అని పెట్టేశారు. ఆవిడ ఫోనులో ఎప్పుడూ అంతే.

ఓబులేసు తెల్లవారుజామున బస్సెక్కి తొమ్మిదింటికల్లా మదనపల్లెలో దిగాడు.

ఆవిడ వసారాలో పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. ముందు పాత చీర పరిచి దాని మీద పోసుకున్నారు. తల ఎత్తి చూసి, ఎదురుగా ఉన్న ఇంకో పీట కాలితో కొంచెం ముందుకు జరిపారు. ఓబులేసు కూర్చున్నాడు. ఊరికే కూర్చోవడం బాగుండదని అతనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాడు.

"టిఫిను తిన్నావా?"

"బస్టాండులో తిన్నాను మేడం."

"అయితే చెప్పు."

ఓబులేసు సంచిలోంచి ఫైలు తీశాడు. చింతపండు అంటిన వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. తొంభై ఆరు వ్యాసాలు. పంతొమ్మిది వందల ఎనభై ఏడు సైటేషన్లు. అందులో ఇరవై నాలుగు వ్యాసాలకు తలా ఇరవై నాలుగుకు తక్కువ కాకుండా వచ్చాయి. అది మంచి కొలతే అని కూడా చెప్పాడు. వినోదిని పేరు ఎత్తకూడదనుకున్నాడు. ఎత్తాడు.

ఆవిడ అడ్డు చెప్పకుండా అంతా విన్నారు.

"చాలా పని చేశావు" అన్నారు. ఆ మాటలో వెటకారమేమీ లేదు. ఓబులేసుకు ప్రాణం లేచొచ్చింది.

"ఇందులో మంచివి అయిదు ఎంచి పంపాలట మేడం. ఎక్కువ సైటేషన్లున్న అయిదూ పెట్టాను. మొదటిదానికి నాలుగు వందల పన్నెండు."

"నీకు ఇష్టమైనదేది?"

"అదే మేడం, నాలుగు వందల..."

"అది జనానికి ఇష్టమైంది. నీకు?"

తొంభై ఆరింట్లో సగం ఎందుకు రాశాడో కూడా ఓబులేసుకు సరిగ్గా గుర్తులేదు. కాసేపు గింజలు తీశాడు.

"మొట్టమొదటిది" అన్నాడు చివరికి. "మన జంట నక్షత్రం."

ఆవిడ మొహంలో చిన్న వెలుగు వచ్చింది. కర్కాటక రాశిలో కంటికి ఆనని నక్షత్రం అది. నిజానికి రెండు నక్షత్రాలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, రెండు రోజులకోసారి ఒకటి ఇంకోదానికి అడ్డం వస్తుంది. అప్పుడు వెలుగు తగ్గుతుంది. అదొక గ్రహణం. ఓబులేసు ఇరవై ఆరేళ్ల వయసులో ఏడాదిన్నర పాటు ఆ గ్రహణాల వేళలు కొలిచి, మున్ముందు ఎప్పుడెప్పుడు వస్తాయో చెప్పే లెక్క కట్టాడు. వ్యాసం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, అతనిదీ ఆవిడదీ.

"దానికెన్ని వచ్చాయి?"

"మూడు మేడం." ఫెయిలైన పిల్లవాడి మార్కులు చెప్పినట్టు చెప్పాడు.

"ఎవరు వాళ్లు?"

"ఎవరు మేడం?"

"ఆ ముగ్గురు."

ఓబులేసుకు తెలియదు. పదిహేడేళ్లలో ఆ ముగ్గురెవరో చూడాలని తట్టలేదు. మూడు అనే అంకె మాత్రమే చూశాడు. ఆ మాటకొస్తే నాలుగు వందల పన్నెండు మంది ఎవరో కూడా చూడలేదు.

"కనుక్కో" అన్నారావిడ. "తర్వాత ఉత్తరం రాస్తాను."

"ఇప్పుడా మేడం?"

"నాకు ఇంకా అరకుంచెడు చింతపండు ఉంది. నాకేం తొందర లేదు."

ఓబులేసుకు లోపల కొంచెం చిరాకు కలిగింది. నూటపాతిక కిలోమీటర్లు వచ్చింది ఉత్తరం కోసం. అయినా చేతులు కడుక్కొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు.

మొదటి సైటేషన్ చూసి అతనికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

"ఎవరు?" అన్నారావిడ.

"నేనే మేడం. నా రెండో వ్యాసంలో మొదటిదాన్ని పేర్కొన్నాను."

"సరే. నీ సంగతి మనకు తెలుసు. రెండో ఆయన?"

రెండో ఆయన విదేశాల్లో పెద్ద పేరున్న మనిషి. ఓబులేసు ఉత్సాహంగా ఆ పేజీ తీశాడు. "ఇలాంటి నక్షత్రాల మీద పని చాలా జరిగింది" అని ఒక వాక్యం, దాని వెనక బ్రాకెట్లో ముప్పై ఒక్క పేర్లు. ఇరవై ఏడో పేరు ఓబులేసుది. స్పెల్లింగు తప్పు.

ఆవిడ ఒక గింజ తీసి పక్కన పడేశారు.

మూడోది పోయినేడు వచ్చిన రెండు పేజీల వ్యాసం. ఓబులేసు ఎప్పుడూ వినని చిన్న పత్రికలో పడింది. రాసినాయన పేరు సి. తిమ్మప్ప. ఫిజిక్స్ లెక్చరరు. కదిరిలో ఒక డిగ్రీ కాలేజీ.

ఓబులేసు చదవడం మొదలుపెట్టాడు. రెండో పేరా దగ్గర ఆగి మళ్లీ మొదటికి వెళ్లాడు.

"ఏమంటున్నాడాయన?"

"పదకొండేళ్లుగా మన నక్షత్రాన్ని చూస్తున్నారట మేడం. విద్యార్థులతో కలిసి, కాలేజీ మేడ మీద నుంచి. మన లెక్క చెప్పిన వేళకూ వాళ్లు చూసిన వేళకూ కలవడం లేదట. ఆలస్యంగా వస్తోందట. మొదట్లో ఇరవై నిమిషాలు, పోయినేడుకి అరవై. కారణం తెలియలేదు అని రాశారు."

"నువ్వేమంటావు?"

"చిన్న కాలేజీ కదా మేడం. గడియారం సరిగ్గా ఉందో లేదో. కొలవడంలో ఎక్కడో పొరపాటు పడుంటారు."

ఆవిడ చింతపండు చీరను నాలుగు కొసలూ కలిపి మూట కట్టారు. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచారు.

"కదిరి ఎంతసేపు?"

"రెండు గంటలు పడుతుందేమో. ఎందుకు మేడం?"

ఆవిడ అప్పటికే చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు.

*

కాలేజీ ఊరి చివర ఉంది. గేటు దగ్గర అడిగితే ఫిజిక్స్ ల్యాబు చూపించారు. పొడుగాటి గది. గోడవారన బల్లల మీద పాత మీటర్లు, ఒక మూల గుడ్డ కప్పిన టెలిస్కోపు. బోర్డు తుడుస్తున్న మనిషి వెనక్కి తిరిగాడు. యాభై ఏడేళ్లుంటాయి. చొక్కా మోచేతుల దాకా సుద్దపొడి.

ఓబులేసు తన పేరు చెప్పాడు.

తిమ్మప్ప చేతిలో డస్టరు అట్లాగే ఉండిపోయింది. "మా నక్షత్రం ఓబులేసు గారా?" అన్నాడు.

ఆ మాట ఓబులేసును ఎక్కడో తాకింది. తొంభై ఆరు వ్యాసాల మనిషిని ఎవరూ అట్లా పిలవలేదు.

"మీరు ముసలాయన అనుకొంటిని సార్" అన్నాడు తిమ్మప్ప. "మీరే ఇట్లా వస్తిరే. కూర్చోండి. అమ్మా, మీరూ కూర్చోండి."

"నేను రత్నమాణిక్యం. ఆ వ్యాసం మీద రెండో పేరు" అన్నారావిడ.

తిమ్మప్ప ఆవిడకు చేతులెత్తి మొక్కి, ఉన్న ఒక్క చేతుల కుర్చీ తెచ్చి వేశాడు. తర్వాత బీరువా తెరిచి నోటుపుస్తకాలు దించడం మొదలుపెట్టాడు. పదకొండున్నాయి, ఏడాదికొకటి. ఒక్కో దాంట్లో ఒక్కో బ్యాచి పిల్లల చేతిరాత. తేదీ, వేళ, వెలుగు ఎంత తగ్గింది, మబ్బు ఉందా లేదా. అట్టల మీద ఆ ఏడు పనిచేసిన పిల్లల పేర్లు. కొందరి పేర్ల పక్కన ఇప్పుడు వాళ్లేం చేస్తున్నారో తిమ్మప్ప పెన్సిలుతో రాసుకున్నాడు. టీచరు, రైల్వే, బట్టల షాపు, ఇద్దరు పిల్లలు.

"టెలిస్కోపు అద్దం కూడా మేమే అరగదీసుకున్నాం సార్. ఎనిమిది అంగుళాలు. మొదటి ఏడు మా పిల్లలు ఎంత సంబరపడిరో. మీ పట్టికలో ఈ రోజు ఈ వేళకు గ్రహణం అని ఉంది. అందరం పైకెక్కి కూర్చుంటిమి. ఆ వేళ వచ్చింది, పోయింది. ఏమీ కాలేదు. పిల్లలు దిగిపోదామన్నారు. ఇరవై నిమిషాలైనాక వెలుగు తగ్గడం మొదలైంది."

"అప్పుడేమనుకున్నారు?"

"ఏముంది సార్, మా గడియారం తప్పు అనుకొంటిమి."

తిమ్మప్ప నవ్వుతూనే చెప్పాడు. గడియారం మార్చారట. మరుసటేడు ఇంకో నాలుగు నిమిషాలు తేడా పెరిగింది. రేడియోలో వార్తలకు ముందు వచ్చే పిప్‌ల ప్రకారం గడియారం దిద్దుకున్నారు. అయినా అంతే. మళ్లీ గడియారం మార్చారు. అయిదో ఏడు ఒక పిల్ల, తను వేళ సరిగ్గా చూడలేదేమోనని ఏడ్చిందట. ఆ తర్వాత శాటిలైట్ నుంచి వేళ తీసుకునే పరికరం సంపాదించారు.

"మూడు గడియారాలు మార్చినాం సార్. అప్పుడు మీకు ఉత్తరం రాస్తిని."

"నాకా?"

"ఆరేళ్లయింది. రిజిస్టరు పోస్టులో. గ్రాఫు కూడా పెట్టినాను. మీకు పనులుంటాయి కదా సార్, ఏమీ అనుకోలేదు."

ఓబులేసు ఆఫీసులో ఒక సొరుగు ఉంది. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతున్నాడని వాదించేవాళ్లు, ప్రపంచం ఏ తేదీన అంతమవుతుందో కనిపెట్టినవాళ్లు రాసే ఉత్తరాలు అందులో పడేస్తాడు. ఊరి పేరు, కాలేజీ పేరు చూసి, విప్పకుండానే ఆ సొరుగులో వేసిన గోధుమరంగు కవరు ఒకటి అతనికి ఇప్పుడు లీలగా గుర్తొచ్చింది.

అతను ఆ సంగతి చెప్పాలనుకున్నాడు. నోరు రాలేదు. "ఆ గ్రాఫు ఉందా?" అని మాత్రం అడిగాడు.

తిమ్మప్ప గ్రాఫు కాగితం బల్ల మీద పరిచాడు. నాలుగు కాగితాలు అంటించి పొడుగు చేసింది. అడుగున ఏళ్లు, నిలువున నిమిషాలు. పదకొండేళ్ల చుక్కలు.

ఓబులేసు వంగి చూశాడు. చూసిన క్షణంలోనే అతనికి తెలిసిపోయింది.

చుక్కలన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. బద్ద పెట్టి గీసినట్టు తిన్నని గీత. నక్షత్రంలో నిజంగా ఏదైనా మార్పు వస్తుంటే ఆ గీత వంగుతుంది. వంగలేదు. ఏటా అవే నాలుగు నిమిషాలు. అంటే నక్షత్రం తన పాటికి తను సరిగ్గా తిరుగుతోంది. గడియారాలూ సరిగ్గానే ఉన్నాయి. మొదట కట్టిన లెక్కే తప్పు.

ఆ గీత తిమ్మప్పకు మాత్రం తెలియకుండా ఉంటుందా? ఓబులేసు తలెత్తి చూశాడు. తిమ్మప్ప గ్రాఫు అంచు సరిచేస్తున్నాడు.

"మీకు తెలుసు కదూ" అన్నాడు ఓబులేసు.

"అనుమానం వచ్చింది సార్. కానీ మీరు అంత పెద్ద చోట పనిచేసేవాళ్లు. మేము మేడ మీద కూర్చుని చూసేవాళ్లం. మీ లెక్క తప్పని ఏ మొహం పెట్టుకుని రాస్తాము? అందుకే కారణం తెలియలేదని రాసినాము."

ఓబులేసు ల్యాప్‌టాప్‌లో తన పాత వ్యాసం తెరిచాడు. పట్టిక చివరి ఆరు వరుసల దగ్గర వేలు ఆగింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ నక్షత్రానికి ఒకప్పుడు దగ్గరగా, ఒకప్పుడు దూరంగా ఉంటుంది. అందుకని వెలుగు మనకు చేరడంలో ఎనిమిది నిమిషాల దాకా తేడా వస్తుంది. కొలిచిన వేళకు ఆ తేడాను కలపాలి, లేదా తీసేయాలి. చివరి ఆరు వరుసల్లో కలపాల్సింది తీసేశాడు. దాంతో గ్రహణానికీ గ్రహణానికీ మధ్య కాలం ఒక సెకను చిల్లర తక్కువ తేలి, ఆ తేడా ఏటా పోగవుతూ వచ్చింది. అప్పుడతనికి ఇరవై ఆరేళ్లు. వ్యాసం త్వరగా పంపాలని తొందరలో ఉన్నాడు.

ఆ ఆరు వరుసలే ఈ గదిలో మూడు గడియారాలు మార్పించాయి.

"తప్పు నాది" అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "మీ గడియారాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొదటిది కూడా."

రత్నమాణిక్యం గారు కుర్చీలోంచి లేచారు. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి, కళ్లజోడు పైకి తోసుకుని ఆ ఆరు వరుసలూ చూశారు. తర్వాత తిమ్మప్ప వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు.

"ఆ లెక్క నేను చూసి పంపించాల్సింది. చూడకుండా పేరు పెట్టాను. మన్నించండి" అన్నారు.

తిమ్మప్ప కంగారుపడి ఆవిడ చేతులు దించడానికి తన చేతులు చాచి, సుద్దపొడి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "అయ్యో, అంత మాటెందుకమ్మా" అన్నాడు. తర్వాత బల్ల అంచు మీద కూర్చున్నాడు. చాలా దూరం నడిచొచ్చిన మనిషి కూర్చున్నట్టుగా.

"అయితే మేము సరిగ్గానే చూసినామన్నమాట" అన్నాడు, ఎవరితోనూ కాదు, తనలో తనే.

*

మధ్యాహ్నం క్లాసుకు వచ్చిన పిల్లలకు తిమ్మప్ప ఈ సంగతి చెప్పాడు. పన్నెండు మంది ఉన్నారు. వాళ్లలో నస్రీన్ అనే అమ్మాయి లేచి, "సార్, మరిప్పుడు సరైన లెక్క ఎంత?" అని అడిగింది.

ఓబులేసు సుద్దముక్క తీసుకున్నాడు.

బోర్డు మీద లెక్క చేసి అతనికి చాలా ఏళ్లయింది. పిల్లలు ఒక్కో పుస్తకం తీసి వేళలు చదివారు. అతను రాశాడు. రాసింది నస్రీన్ సరిచూసింది. ఒకచోట అతను అంకె తప్పు రాస్తే ఏ మొహమాటం లేకుండా చెప్పింది. అతను తుడిచి మళ్లీ రాశాడు. ఓబులేసు పాత కొలతలు కొన్ని, కదిరి పిల్లల కొలతలు మూడు వందల చిల్లర. కలిపే కొద్దీ లెక్క గట్టిపడింది. మూడున్నరకు జవాబు తేలింది. సెకనులో పదో వంతు దాకా.

తిమ్మప్ప ఆ జవాబుతో పాత పుస్తకంలో మొదటి రోజు వేళ కట్టి చూశాడు. ఆ రోజు పిల్లలు మేడ మీద చలిలో కూర్చుని చూసిన వేళా, బోర్డు మీద వేళా ఒక్కటే. అతను పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ చూశాడు.

రత్నమాణిక్యం గారు వెనక బెంచీలో కూర్చుని, ఎవరో పిల్ల ఇచ్చిన జామకాయ తింటున్నారు.

పిల్లలు వెళ్లాక ఓబులేసు చేతులు దులుపుకుని, "దీన్ని సవరణగా పంపుదాం. పేర్లు మీవి ముందు, నాది వెనక" అన్నాడు. అన్న తర్వాత ఒక సంగతి గుర్తొచ్చి ఆగాడు.

ఫెలోషిప్ ఫారంలో ఒక గడి ఉంది. మీ వ్యాసాల్లో సవరించినవి, వెనక్కి తీసుకున్నవి ఉంటే రాయండి అని. ఇప్పటిదాకా అక్కడ 'లేవు' అని రాసి ఉంచాడు. ఆ మాటే అతను దాచకుండా తిమ్మప్పకు చెప్పాడు.

"అయితే ఏప్రిల్‌లో పంపుదాం సార్" అన్నాడు తిమ్మప్ప వెంటనే. "పదకొండేళ్లు ఆగినోళ్లం, పది రోజులు ఆగలేమా? మీకు రావాల్సింది రానీ."

ఆ మాటలో కల్మషం లేదు. ఓబులేసు గురువు గారి వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అక్కడ కాలేజీ తోటమాలి మొక్కలకు పాదులు చేస్తున్నాడు. ఆవిడకు అదే ముఖ్యమైన పనిలా ఉంది.

ఓబులేసు తిమ్మప్ప బల్ల మీదున్న తెల్లకాగితం తీసుకుని, తన పాత వ్యాసం వేసిన పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. ఏ వ్యాసం, ఏ పట్టిక, ఏ ఆరు వరుసలు, తప్పేమిటి, ఎవరు పట్టుకున్నారు. పదకొండు నోటుపుస్తకాల అట్టల మీదున్న పేర్లన్నీ వ్యాసం చివర వేయాలని కూడా రాశాడు. సంతకం పెట్టి, కాగితం తిమ్మప్ప చేతికిచ్చాడు.

"మీరే పంపండి. ఈ రోజే" అన్నాడు. "నా దగ్గరుంటే ఏప్రిల్ అవుతుందేమో."

తిమ్మప్ప ఆ కాగితం నిలబడి రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేయడం మంచిది. సవరణ మూడు నెలల్లో అచ్చయింది. ఫారంలోని గడిలో ఓబులేసు ఉన్నదున్నట్టు రాశాడు. రత్నమాణిక్యం గారు తన ఉత్తరం నేరుగా కమిటీకే పంపారు. అందులో ఏం రాశారో అతనికి చూపించలేదు. ఆ ఏడు ఫెలోషిప్ వినోదినికి వచ్చింది. ఓబులేసు వెళ్లి అభినందనలు చెప్పాడు. చెప్పేటప్పుడు పెద్దగా కష్టం అనిపించలేదని అతనే ఆశ్చర్యపోయాడు. రెండేళ్ల తర్వాత అతనికీ వచ్చింది. ఆఫీసులోని ఆ సొరుగు ఉత్తరాలన్నీ బయటికి తీసి, వారానికి రెండు చొప్పున జవాబులు రాశాడు. చాలావరకు ప్రపంచం అంతమయ్యే తేదీలే. వాటికీ రాశాడు.

ఆ రోజు సాయంత్రం తిమ్మప్ప వాళ్లను బస్టాండు దాకా వచ్చి ఎక్కించాడు. కిటికీ పక్కన నిలబడి, "ఎల్లుండి గ్రహణం ఉంది సార్. బోర్డు మీది లెక్క ప్రకారం చూస్తాం. వేళ మీకు ఫోను చేసి చెప్తాను" అన్నాడు.

"ఎంత రాత్రైనా పరవాలేదు, చెయ్యండి" అన్నాడు ఓబులేసు.

బస్సు కదిలింది. రత్నమాణిక్యం గారు తలకు కొంగు చుట్టుకుని సీటుకు ఆనుకున్నారు. ఎండ తగ్గింది. రెండు పక్కలా వేరుశనగ పీకేసిన చేలు, అక్కడక్కడా మేకలు. ఓబులేసు ఒళ్లంతా తేలిగ్గా ఉంది. పొద్దున్నుంచి ఫోను తీయలేదని కూడా అతనికి తోచలేదు. చాలాసేపు బయటికే చూస్తూ కూర్చున్నాడు. చేతివేళ్లకు సుద్దపొడి ఇంకా వదల్లేదు.

ములకలచెరువు దగ్గర బస్సు ఆగి మళ్లీ బయల్దేరాక అతనికి ఉన్నట్టుండి నవ్వొచ్చింది.

"ఏంటి?" అన్నారావిడ కళ్లు తెరవకుండానే.

"ముగ్గుర్నీ కనుక్కున్నాం కదా మేడం. ఇంకా పంతొమ్మిది వందల ఎనభై నాలుగు మిగిలాయి."

ఆవిడ కళ్లు తెరిచి కిటికీలోంచి చూశారు. కొండల మీద సూర్యుడు ఎర్రగా, చాలా కిందికి ఉన్నాడు.

"ఒక్కడి దగ్గరికి పోయొచ్చేసరికే పొద్దు గూకింది నాయనా" అన్నారు.